వంటింటి ప్రశ్నలు: చాక్లెట్ కేకు తేమ ఆరిపోకుండా ఉండాలంటే

క్రిస్మస్, కొత్త సంవత్సరం దగ్గరపడే కొద్దీ ఈ శీర్షికకు కేకుల గురించి ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి చాక్లెట్ కేకు మీద వచ్చినవాటిలో, ఒకరికి చెప్పిన జవాబు నలుగురికీ పనికివచ్చేవి ఎంచి ఇస్తున్నాం. అసలు కొలతలు మొదటి జవాబులోనే ఉన్నందువల్ల, తక్కినవి చదివేవారు ముందుగా దానిని చూడవలసిందిగా మనవి.

ప్రశ్న: ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) కొని ఏడాది దాటింది. చాక్లెట్ కేకు ఎప్పుడు చేసినా పొంగడం బాగానే పొంగుతోంది గాని, కోస్తే పొడిపొడిగా రాలిపోతోంది. మరునాటికైతే గొంతు దిగడం లేదు. పాలు ఎక్కువ పోసి చూశాను, వెన్న పెంచి చూశాను, లాభం లేదు. బేకరీ కేకులాగా మెత్తగా, తేమగా రావడానికి సులువైన పద్ధతి ఏదైనా ఉంటే కొలతలతో సహా చెప్పండి. — ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: ముందుగా బేకరీ సంగతి. చాలా బేకరీలలో కేకును పొరలుగా కోసి, ప్రతి పొర మీదా పంచదార పాకం నీళ్లు చిలకరించి, ఆ పైన క్రీము పరుస్తారు. మీకు తగిలే తేమలో సగం ఆ పాకానిదే. కాబట్టి ఆ కేకుతో పోల్చుకుని మీ చేతివాటాన్ని తక్కువ చేసుకోవలసిన పని లేదు.

పాలు పెంచినంత మాత్రాన కేకు తేమగా రాదు. పోసిన నీటిలో కొంత ఓవెన్‌లోనే ఆవిరైపోతుంది. మిగిలినదాన్ని పట్టి ఉంచేది పంచదార, ఆ తేమను నాలుకకు తెలిసేలా చేసేది నూనె. పంచదారను తీపి కోసమే వేస్తామనుకుని చాలామంది సగానికి సగం తగ్గిస్తారు. కాని నీటిని పట్టి ఉంచే గుణం దానికి ఉంది గనుక, కొలతలో పదోవంతు తగ్గిస్తే పెద్దగా తేడా రాదేమో గాని, సగం తగ్గిస్తే కేకు తప్పకుండా ఎండుతుంది. ఇక వెన్నలో 80 శాతం పైగా కొవ్వు, 16 శాతం దాకా నీరు ఉంటాయి. రుచికి వెన్నను మించినది లేదన్నది నిజమే. అయితే చల్లారగానే అది గడ్డకడుతుంది, దానితో పాటు కేకూ బిగుసుకుంటుంది. పొద్దుతిరుగుడు నూనె వంటి వాసన లేని రిఫైన్డ్ నూనె చల్లారినా ద్రవంగానే ఉంటుంది కాబట్టి, మరునాడు కూడా ముక్క మెత్తగా తగులుతుంది. చాక్లెట్ కేకులో కోకో రుచే పైచేయిగా ఉంటుంది గనుక వెన్న లేని లోటు తెలియదు. వేరుశనగ నూనె, నువ్వుల నూనె మాత్రం వద్దు.

ఇవన్నీ సరిగా ఉన్నా, మీ ఉత్తరాన్నిబట్టి చూస్తే అసలు తప్పు ఓవెన్‌లో ఉంచే సమయంలో ఉందనిపిస్తోంది. తెల్ల కేకు అయితే పైన బంగారు రంగు తేలడం కనబడుతుంది. చాక్లెట్ కేకు పిండిగా ఉన్నప్పుడూ నల్లగానే ఉంటుంది, ఉడికినా నల్లగానే ఉంటుంది; రంగు చూసి తెలుసుకునే వీలు లేక, ఎందుకైనా మంచిదని ఇంకో పది నిమిషాలు ఉంచేస్తారు. ఆ పది నిమిషాలలోనే కేకు చెడిపోతుంది.

ఇక కొలతలు. ఎనిమిది అంగుళాల గుండ్రటి టిన్నుకు 120 గ్రాముల మైదా, 180 గ్రాముల పంచదార పొడి, 35 గ్రాముల తీపి లేని కోకో పౌడరు, ముప్పావు టీస్పూను బేకింగ్ పౌడరు, అర టీస్పూను వంటసోడా, పావు టీస్పూను ఉప్పు కావాలి. తడి పదార్థాలలో ఒక కోడిగుడ్డు, 120 మిల్లీలీటర్ల చిక్కటి పుల్ల మజ్జిగ, 60 మిల్లీలీటర్ల నూనె, ఒక టీస్పూను వెనిలా ఎసెన్సు, చివరలో పోయడానికి 120 మిల్లీలీటర్ల వేడినీళ్లు సిద్ధంగా ఉంచుకోవాలి. ఆ నీళ్లలో ఒక టీస్పూను ఇన్‌స్టెంట్ కాఫీ పొడి కలిపితే కోకో రుచి మరింత తేలుతుంది, కేకులో కాఫీ ఉన్నట్లు ఎవరూ కనిపెట్టలేరు. మైదాను కప్పుతో కాకుండా చిన్న కాటాతో తూచండి, ఎందుకంటే ఒకే కప్పులో గుల్లగా పోసిన మైదాకు, అదిమి నింపిన మైదాకు బరువులో చాలా తేడా వస్తుంది. కేకు ఎండిపోవడానికి అది కూడా ఒక కారణమే.

ఓటీజీని 175 డిగ్రీల దగ్గర పావుగంట ముందు వేడెక్కనివ్వాలి. పొడి పదార్థాలన్నీ జల్లించి ఒక గిన్నెలో వేసి, మధ్యలో గుంట చేసి గుడ్డు, మజ్జిగ, నూనె, ఎసెన్సు పోసి, ఉండలు లేకుండా కలిసేంతవరకే కలపండి. బీటరు అక్కరలేదు. మైదాను తడిపి ఎక్కువసేపు గిలకొట్టేకొద్దీ అందులోని గ్లూటెన్ అనే జిగట పదార్థం సాగి కేకు రబ్బరులా తయారవుతుంది. తరువాత వేడినీళ్లను కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. మరిగే వేడి తగిలితే కోకో పొడి బాగా నాని, దాని వాసన విచ్చుకుంటుంది. ఈ దశలో పిండి దోసెల పిండికంటే కూడా పల్చగా జారుతుంది. ఇక్కడే చాలామంది కంగారుపడి రెండు గరిటెల మైదా కలిపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి, పల్చగా ఉండడమే దాని తీరు. నూనె రాసి అడుగున బటర్ పేపరు వేసిన టిన్నులో పోసి, మధ్య అరలో పెట్టండి.

ఇరవై నిమిషాలు దాటేదాకా తలుపు తీయవద్దు. ఇరవై ఎనిమిదో నిమిషం నుంచి పరీక్షించడం మొదలుపెట్టండి. పుల్ల గుచ్చి తీసినప్పుడు తడి పిండి అంటుకుంటే ఇంకా ఉడకాలి. రెండుమూడు తేమగల పలుకులు అంటుకుని వస్తే అదే తీయవలసిన అదను. పుల్ల పూర్తిగా శుభ్రంగా వచ్చిందంటే చాక్లెట్ కేకు వరకు కాస్త ఆలస్యమైనట్లే లెక్క. వేలితో మెల్లగా నొక్కితే గుంట పడకుండా తిరిగి లేవాలి, అంచులు టిన్ను నుంచి అప్పుడప్పుడే విడివడుతూ ఉండాలి. తీశాక పది నిమిషాలు టిన్నులోనే ఉంచి, తరువాత జాలీ మీదకు తిప్పండి. టిన్నులోనే చల్లారనిస్తే అడుగున చెమట పట్టి జిగురుగా అవుతుంది.

మరొక్క మాట. చాలా చిన్న ఓటీజీలలో మీట చూపే వేడి ఒకటి, లోపల ఉండే వేడి మరొకటి. కొన్ని వందల రూపాయలకు దొరికే ఓవెన్ థర్మామీటరు లోపల వేలాడదీసి చూస్తే, ఖరీదైన చాక్లెట్ల మీద పెట్టే ఖర్చుకంటే అదే ఎక్కువ మేలు చేస్తుంది.

ప్రశ్న: మా ఇంట్లో ఓవెన్ లేదు. ప్రెషర్ కుక్కర్‌లో ఉప్పు పోసి చేయవచ్చని విన్నాను. నిజమేనా? కుక్కర్ పాడవుతుందా? — డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: చేయవచ్చు. పైన చెప్పిన కొలతలే సరిపోతాయి, టిన్ను మాత్రం ఏడు అంగుళాలది, కాస్త లోతైనది తీసుకోవాలి. అయితే కుక్కర్ గురించి మీ అనుమానం సరైనదే. నీళ్లు లేకుండా గంటసేపు మంట మీద ఉంచడానికి కుక్కర్‌ను తయారుచేయరు. అడుగు వంకరపోవచ్చు, రంగు మారవచ్చు. అన్నం వండుకునే కుక్కర్‌ను దీనికి బలిపెట్టడం నాకు ఇష్టం లేదు. ఇంట్లో మూలపడి ఉన్న పాత దళసరి అల్యూమినియం గిన్నె, దానికి సరిపోయే బరువైన మూత ఉంటే అదే మేలు. నాన్‌స్టిక్ పాత్ర వాడకూడదు.

అడుగున రెండు కప్పుల ఉప్పు గాని శుభ్రమైన ఇసుక గాని పరిచి, దానిపై స్టాండు ఉంచి, మూతపెట్టి మధ్యరకం మంట మీద పది నిమిషాలు వేడెక్కించండి. టిన్నును స్టాండు మీద పెట్టాక మంట బాగా తగ్గించాలి. కుక్కరే వాడితే గాస్కెట్, వెయిట్ రెండూ తీసివేయడం మరవకూడదు. నలభై నుంచి యాభై నిమిషాలు పడుతుంది. మంట తీరును బట్టి మారుతుంది గనుక ముప్పై అయిదో నిమిషంలో ఒకసారి పుల్లతో చూడండి. మూతకు పట్టిన ఆవిరి చుక్కలుగా కేకు మీద పడకుండా, మూతకు లోపలివైపు పల్చని బట్ట చుట్టి, దాని కొసలు మంటకు తగలకుండా పైన ముడివేయాలి. పైభాగం ఓవెన్‌లోలాగా కాలదు. చాక్లెట్ కేకుకు అది లోపమేమీ కాదు. వాడిన ఉప్పు వంటకు పనికిరాదు గాని, సీసాలో దాచి మళ్లీ ఇదే పనికి వాడుకోవచ్చు.

ప్రశ్న: మేము గుడ్డు తినము. గుడ్డు లేకుండా చేస్తే అడుగున జిగురుగా, బంకలాగా వస్తోంది. కండెన్స్‌డ్ మిల్కు లేకుండా మార్గం ఉందా? — ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: గుడ్డుకు బదులు ఏదో ఒకటి వేయాలనే ఆరాటంతో అరటిపండు గుజ్జు, పెరుగు, పాలు అన్నీ కలిపితే తడి ఎక్కువై అడుగున బంక తేలుతుంది. మొదటి కొలతల్లోనే చేయదలచుకుంటే గుడ్డు స్థానంలో 60 గ్రాముల గట్టి పెరుగు ఒక్కటే వేసి, వేడినీళ్లు 100 మిల్లీలీటర్లకు తగ్గించండి.

నేనైతే దానికన్నా, అసలు గుడ్డు అవసరమే లేకుండా రూపొందిన కేకును చేయమంటాను. అమెరికాలో 1930ల ఆర్థిక మాంద్యం నాడు, ఆ తరువాత రెండో ప్రపంచ యుద్ధకాలపు రేషన్ రోజుల్లో గుడ్లు, పాలు, వెన్న దొరకడం కష్టమైనప్పుడు అవేవీ లేని కేకులు అక్కడి ఇళ్లలో బాగా వాడుకలోకి వచ్చాయి. వాటిలో వెనిగర్‌తో చేసే చాక్లెట్ కేకును అక్కడ ఇప్పటికీ వ్యాకీ కేక్ పేరుతో చేసుకుంటున్నారు. 185 గ్రాముల మైదా, 200 గ్రాముల పంచదార పొడి, మూడు టేబుల్ స్పూన్ల కోకో, ఒక టీస్పూను వంటసోడా, అర టీస్పూను ఉప్పు జల్లించి, అందులో అయిదు టేబుల్ స్పూన్ల నూనె, ఒక టేబుల్ స్పూను వెనిగర్, ఒక టీస్పూను వెనిలా, 240 మిల్లీలీటర్ల మామూలు నీళ్లు పోసి కలపాలి. వెనిగర్ లేకపోతే అంతే నిమ్మరసం వేయవచ్చు. పులుపు, సోడా కలవగానే బుడగలు పుట్టడం మొదలవుతుంది గనుక, ఓవెన్ ముందే వేడెక్కి, టిన్ను ముందే సిద్ధమై ఉండాలి. కలిపిన పిండిని పక్కన పెట్టి ఫోనులో మాట్లాడుతూ కూర్చుంటే ఆ గాలి అంతా పిండిలోంచి పోతుంది. 175 డిగ్రీల దగ్గర అరగంట చాలు. కాల్చిన తరువాత వెనిగర్ వాసన రాదు, ఆ భయం అక్కరలేదు.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో డెన్వర్‌లో ఉంటుంది. గుంటూరులో నా చేతిమీదుగా ఎప్పుడూ చక్కగా వచ్చే కేకే, అక్కడ తను అవే కొలతలతో చేస్తే ముందు బాగా పొంగి, తరువాత నడుమ గుంటపడిపోతోందట. నేను చెప్పడంలో లోపమా, తను చేయడంలో లోపమా? — ఒక తల్లి, గుంటూరు

జవాబు: ఇద్దరిదీ కాదమ్మా, ఆ ఊరు ఉన్న ఎత్తుది. గుంటూరు సముద్రమట్టానికి దగ్గరగా ఉంటే, డెన్వర్ సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి మనకంటే దాదాపు ఆరోవంతు తక్కువ, నీరు 95 డిగ్రీలకే మరుగుతుంది. పైనుంచి అదిమిపెట్టే ఒత్తిడి తగ్గడంతో సోడా విడుదల చేసే గాలి మరీ ఎక్కువగా వ్యాకోచించి, మైదా, గుడ్డు గట్టిపడి గోడలు నిలబెట్టే లోపలే కేకు పైకి లేస్తుంది. నిలబెట్టే ఆధారం లేక వెంటనే కూలుతుంది. తేమ కూడా అక్కడ త్వరగా ఆవిరవుతుంది.

అమ్మాయిని బేకింగ్ పౌడరు అర టీస్పూనుకు, సోడాను అర టీస్పూనుకు కాస్త వెలితిగా తగ్గించమనండి. పంచదార ఒక టేబుల్ స్పూను తగ్గించి, మైదా ఒక టేబుల్ స్పూను, నీళ్లు రెండు టేబుల్ స్పూన్లు పెంచాలి. ఓవెన్ వేడి వాళ్ల ఫారెన్‌హీట్ లెక్కలో 350కి బదులు 375 పెడితే కేకు త్వరగా గట్టిపడుతుంది, ఇరవై నాలుగో నిమిషం నుంచే చూసుకోవాలి. అక్కడ దుకాణాల్లో మైదాకు దగ్గరగా ఉండేది ఆల్ పర్పస్ ఫ్లోర్. దాని పక్కనే సెల్ఫ్ రైజింగ్ అని మరొకటి ఉంటుంది, అందులో బేకింగ్ పౌడరు, ఉప్పు ముందే కలిసి ఉంటాయి కాబట్టి అది తీసుకుంటే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. ఒకసారి తనకు సరిపడిన కొలత కుదిరాక కాగితం మీద రాసి పెట్టుకోమనండి, ఎందుకంటే ఇంకా ఎత్తున ఉన్న ఊరికి మారితే మళ్లీ సవరించుకోవలసి వస్తుంది.

ప్రశ్న: కొబ్బరితోటలో అంతరపంటగా కోకో వేశాం. గింజలు అమ్మడమే గాని ఇంట్లో ఎప్పుడూ వాడలేదు. కోకో పౌడరు ధర చూస్తే ఆశ్చర్యంగా ఉంది. మా గింజలతోనే పొడి చేసుకుని కేకు చేయవచ్చా? — ఒక రైతు, ఏలూరు జిల్లా

జవాబు: మీ ఉత్తరం చూసి చాలా సంతోషించాను. దేశంలో కోకో అత్యధికంగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే, అందులోనూ మీ గోదావరి ప్రాంతపు తోటల్లోనే. అయినా ఆ తోటల యజమానుల ఇళ్లలో కోకో పౌడరు కొనుక్కునే తేవాలి. 2024లో పశ్చిమాఫ్రికాలో పంట దెబ్బతిని, ప్రపంచ విపణిలో గింజల ధర టన్నుకు పదివేల డాలర్లు దాటిపోయింది. మీరు దుకాణంలో చూసిన ధరలకు అదొక ముఖ్య కారణం.

పొడి కాదు గాని, ముద్ద చేసుకోవచ్చు. కాయ నుంచి తీసిన గింజలో చాక్లెట్ వాసన ఏమాత్రం ఉండదు. మీరు అమ్మకానికి చేసేటట్లే తెల్లటి గుజ్జుతో సహా పెట్టెలోనో, అరటాకులు కప్పిన కుప్పగానో అయిదారు రోజులు, మధ్య మధ్య తిరగేస్తూ పులియబెట్టి, ఎండలో బాగా ఆరబెట్టాలి. ఆ పులియడంలోనే చాక్లెట్ రుచికి బీజం పడుతుంది. తొందరపడి పులియబెట్టకుండా ఎండబెట్టిన గింజలు ఎంత వేయించినా చేదు, వగరే తప్ప మరేమీ ఉండదు. ఎండిన గింజలను దళసరి మూకుడులో సన్నసెగ మీద పావుగంటకు పైగా, పెంకు చిటపటమని విడివడి, కమ్మటి వాసన వచ్చేదాకా కలుపుతూ వేయించండి. చల్లారాక చేత్తో నలిపి చేటలో చెరిగితే పొట్టు ఎగిరిపోయి పప్పు మిగులుతుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆ పప్పులో సగానికి పైగా కొవ్వే. మిక్సీలో వేస్తే పొడి కావడం ఆగి, కొవ్వు కరిగి నల్లటి ముద్దగా జారుతుంది. దానిలోంచి కొవ్వును యంత్రంతో పిండితే తప్ప దుకాణంలో దొరికే పొడి రాదు. 1828లో నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ హౌటెన్ సంస్థ పేటెంటు పొందిన పద్ధతి అదే, అంతకుముందు ప్రపంచానికి కోకో పొడి ఇంత సులువుగా దొరికేది కాదు. కనుక మీరు ముద్దతోనే పని జరుపుకోండి. మిక్సీ వేడెక్కకుండా ఆపుతూ ఆపుతూ రుబ్బాలి. మరీ నున్నగా కావాలంటే రాతి వెట్ గ్రైండరే శ్రేష్ఠం, చిన్నస్థాయిలో చాక్లెట్ చేసేవారు వాడేదీ ఆ తరహా రాతి యంత్రమే.

మొదటి జవాబులోని 35 గ్రాముల పొడికి బదులు 60 గ్రాముల ముద్ద తీసుకుని, వేడినీళ్లలో కరిగించి కలపండి. ముద్దలో కొవ్వు ఉన్నందువల్ల నూనెను 60 నుంచి 35 మిల్లీలీటర్లకు తగ్గించాలి. కోకో కొవ్వు మామూలు గది వేడిమిలో గట్టిగానే ఉంటుంది గనుక, మీ కేకు నూనెతో చేసినదానికంటే కొద్దిగా బిగువుగా వస్తుంది, రుచి మాత్రం దుకాణం పొడికి అందనంత గాఢంగా ఉంటుంది.

ప్రశ్న: కోకో పౌడరులో రకాలు ఉంటాయా? ఒక కంపెనీ పొడి ఎర్రగా, మరొకటి బాగా నల్లగా ఉంది. నల్లటిదానితో చేస్తే సబ్బు రుచి వచ్చింది. — ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఎర్రగా ఉన్నది సహజమైన కోకో, దానికి కొంత పులుపు గుణం ఉంటుంది. నల్లటిది క్షారంతో శుద్ధి చేసినది, డచ్ కోకో అంటారు. దానిలో పులుపు చచ్చిపోయి రంగు ముదురుతుంది. ప్యాకెట్ వెనుక పదార్థాల జాబితాలో 500 లేదా 501 అంకెలు ఉంటే అది రెండో రకమని గుర్తు. వంటసోడా పనిచేయాలంటే పులుపు కావాలి. డచ్ కోకోలో అది లేక సోడా మిగిలిపోవడం వల్లే మీకు సబ్బు రుచి తగిలింది. ఆ పొడి వాడేటప్పుడు సోడాను పావు టీస్పూనుకు తగ్గించి, బేకింగ్ పౌడరును ఒకటింపావు టీస్పూనుకు పెంచండి.

ప్రశ్న: గోధుమపిండి, బెల్లంతో చేస్తే మధుమేహం ఉన్న మా మామయ్యగారు తినవచ్చా? — ఒక కోడలు, నల్గొండ

జవాబు: బెల్లంతో చేసినా రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఎంత తినవచ్చో ఆయన వైద్యుడిని అడగడమే సరైన పని. రుచి కోసమైతే నిరభ్యంతరంగా చేయండి: మైదాలో సగం వరకు గోధుమపిండి వేసి, అది ఎక్కువ నీరు పీల్చుకుంటుంది గనుక రెండు టేబుల్ స్పూన్ల మజ్జిగ అదనంగా పోయాలి. బెల్లం పొడి పంచదారంత బరువే తీసుకుని, ఇసుక, నలకలు లేకుండా జల్లించుకోవాలి.

ప్రశ్న: మిగిలిన కేకును ఫ్రిజ్‌లో పెట్టాలా, బయట ఉంచాలా? — ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: క్రీము లేని నూనె కేకు గాలి చొరబడని డబ్బాలో బయటే రెండు రోజులు బాగుంటుంది. ఉక్కపోత ఎక్కువగా ఉండే మీ ఊరిలో వేసవిలోనైతే మొదటిరోజు దాటగానే ఫ్రిజ్‌లోకి మార్చడం మంచిది, లేకపోతే బూజు పడుతుంది. ఫ్రెష్ క్రీముతో గనాష్ (చాక్లెట్, క్రీము కలిపి చేసే పూత) పూస్తే ఏ కాలమైనా ఫ్రిజ్‌లోనే ఉండాలి. ఫ్రిజ్ చల్లదనానికి మైదాలోని పిండిపదార్థం బిరుసెక్కుతుంది కనుక, ముక్కలుగా కోయకుండా మొత్తంగా ఉంచి, కోసిన వైపు మాత్రం బటర్ పేపరు ఆనించి డబ్బా మూత పెట్టండి. తినేందుకు అరగంట ముందు బయటికి తీస్తే మళ్లీ మెత్తబడుతుంది. తొందరగా ఉంటే ఒక్కో ముక్కను మైక్రోవేవ్‌లో పది పదిహేను సెకన్లు ఉంచితే చాలు.